పందెం మైదానంలో పడుగు రాళ్ళు

మా గదిలో మాకంటే ముందు ఉన్న గుర్రానికి నేను చాలాకాలం చోటు వదిలి పడుకునేదాన్ని. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అమ్మకు కూడా తెలియదు. నేను గోడవైపు జరిగి ముడుచుకుంటే చలికి అనుకునేది. పక్కన అంత ఖాళీ ఎందుకు వదులుతున్నావని అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్నేమో.

మేం ఉన్నది గుర్రాల కొట్టంలో. పొడుగాటి పెంకుల కప్పు, దాని కింద వరసగా గదులు. ఒక్కో గదిలో ఒకప్పుడు ఒక్కో గుర్రం. తలుపులు రెండు ముక్కలుగా ఉండేవి, కింద సగం వేరు, పై సగం వేరు. పై సగం తీస్తే గుర్రం తల బయటపెట్టి చూసేదట. అమ్మ అక్కడ మోచేతులు ఆనించి కూరగాయలామెతో బేరమాడేది. గోడకు గుర్రాన్ని కట్టే ఇనుప కడియం ఉండేది. దానికి తాడు కట్టి బట్టలు ఆరేసుకునేవాళ్ళం. నేల వాలుగా ఉండేది, మధ్యలో సన్నని కాలువ. ఎంత కడిగినా వానాకాలంలో అందులోంచి ఒక వాసన లేచేది. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ వాసన ఏమిటని అడిగితే మా తాత పాత చుట్టం వచ్చిపోతుంటాడని చెప్పేవాడు.

కాలేజీలో ఎక్కడుంటావని ఎవరైనా అడిగితే ఘోడ్‌దోడ్ రోడ్డు దగ్గర అనేదాన్ని. అది అబద్ధం కాదు. కానీ సూరత్‌లో ఆ రోడ్డు పేరు చెబితే నగల దుకాణాలు, ఐస్‌క్రీం పార్లర్లు, అద్దాల మేడలు గుర్తుకొస్తాయి. అడిగిన అమ్మాయి నా చెప్పులు, నా దుపట్టా మరోసారి చూసేది. ఆ మేడల వెనక, ఖటోదరా మగ్గాల షెడ్లు మొదలయ్యే ముందు, ఎవరూ ఏమీ కట్టని ఒక ముక్క నేల ఉందనీ, దాని అంచున మా కొట్టం ఉందనీ నేను చెప్పేదాన్ని కాదు. ఘోడ్‌దోడ్ అంటే గుజరాతీలో గుర్రప్పందెం. సిటీబస్సు కండక్టర్లు రోజంతా ఆ పేరు అరుస్తూనే ఉంటారు. ఏ గుర్రం, ఏ పందెం అని అడిగినవాళ్ళను నేను చూడలేదు.

తాత ఈ ఊరికి వచ్చేసరికి గుర్రాలు లేవు. కానీ వాటిని చూసుకున్న ముసలి సాయిబు ఒకాయన వరస చివరి గదిలో ఉండేవాడట. ఎక్కడికీ పోవడానికి లేక ఉండిపోయాడు. మైదానం సంగతులు తాతకు ఆయన చెప్పినవే. నాకు తాత చెప్పినవే. కాలేజీలో చేరాక నేను ఊళ్ళోని పెద్ద లైబ్రరీలో వెతికాను. ఓడరేవు గురించి ఉంది, కోట గురించి ఉంది, దొరల సమాధుల గురించి కూడా ఉంది. ఈ మైదానం గురించి నాకు ఒక్క ముక్క దొరకలేదు. సిగ్గుపడుతూ లైబ్రేరియన్‌ని అడిగితే, పందేలేగా, అవి ఎవరు రాసిపెట్టుకుంటారు అన్నాడు.

సాయిబు చెప్పిన ప్రకారం, ఊళ్ళో దొరల దండు ఉన్న రోజుల్లో ఈ మైదానం వేశారు. కోడిగుడ్డు ఆకారంలో ఉండేది. చలికాలంలో పందేలు జరిగేవి. బగ్గీల్లో దొరసానులు, పెద్ద పగిడీలతో పత్తి వ్యాపారులు, చుట్టూ చింతచెట్లెక్కి ఊరి జనం. గెలిచిన గుర్రానికి అక్కడే బెల్లం తినిపించేవాళ్ళు. ఓడినదాన్ని జనానికి దూరంగా, వెనక దారిలో కొట్టానికి నడిపించుకొచ్చేవాళ్ళు. సాయిబుకు ఓడిన గుర్రాలే బాగా గుర్తు. గెలిచినవాటిని బొంబాయివాళ్ళు కొనుక్కుపోయేవాళ్ళు, ఓడినవి ఇక్కడే ముసలివయ్యేవి. మా గదిలో ఉన్నది నల్లది. కాలు విరిగి, లేవలేక, ఆ గదిలోనే చచ్చిపోయిందట. తాత ఇది చెప్పినప్పుడు నేను చాలా చిన్నదాన్ని. చెప్పి ఉండకపోతే బాగుండేది.

దొరలు పోయాక పందేలు ఆగిపోయాయి. మైదానం ఎవరిదో తెలియని రోజుల్లో కరీంనగర్ వైపు నుంచి కొన్ని సాలె కుటుంబాలు పని వెతుక్కుంటూ వచ్చాయి. అందులో తాత ఒకడు, అప్పుడే పెళ్ళయినవాడు. కొట్టం ఖాళీగా ఉంది. సాయిబు ఒక్కో గదీ తెరిచి ఇందులో ఉన్నది కోపిష్టిది, ఇందులో ఉన్నది మంచిది అని చెప్పి ఇచ్చాడట. మా ఇరుగుపొరుగువాళ్ళు కొట్లాడుకున్నప్పుడు తాత దీన్ని వాడుకునేవాడు. పక్కగదిలోని ఫిట్టరు భార్య గొంతు పెంచితే, ఆమె తప్పేమీ లేదు, ఆ గదిలో ఉన్న గుర్రమే అంత అనేవాడు.

మైదానంలో తిన్నగా ఉండే వైపు, పందెం ముగిసే వైపు, నడుమెత్తు రాళ్ళు వరసగా పాతి ఉండేవి. కొన్నిటి మీద ఇంగ్లీషు అంకెలు, వాటి పైన చిన్న కిరీటం. గుర్రం ఎంత దూరం వచ్చిందో చూసేవాళ్ళకు తెలియడానికి. సాలెవాళ్ళకు అంత చదునైన నేల, దాని మీద తిన్నగా రాళ్ళ వరస కనిపిస్తే ఏమనిపిస్తుందో ఇంకొకరికి చెప్పడం కష్టం. బట్టలో నిలువుగా నడిచే పోగుల్ని పడుగు అంటారు. మగ్గానికి ఎక్కించే ముందు పడుగును ఆరుబయట రాళ్ళకో గుంజలకో కట్టి బారుగా సాగదీసి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెట్టాలి. సొంత ఊళ్ళో అయితే దానికి ఒక వీధి ఉంటుంది. పరాయి ఊళ్ళో వీధి ఎవరిస్తారు? దొరలు తమకోసమే వీధి వేసి, రాళ్ళు కూడా పాతి పోయినట్టు తాతవాళ్ళకు అనిపించిందట.

రాళ్ళ మీద చెక్కిన అంకెల అంచులకు పోగు తగులుకుని తెగేది. అందుకని ఇసుక వేసి, ఇటుకముక్కతో రుద్ది, రాళ్ళను నున్నగా చేశారు. ఏళ్ళ తరబడి రుద్దారు. అంకెలు పోయాయి, కిరీటాలు పోయాయి. పనిముట్టుకు దండం పెట్టుకోకుండా దాన్ని ముట్టని మనుషులు కాబట్టి రాళ్ళకు పసుపు రాశారు, కుంకుమ పెట్టారు. నా చిన్నప్పుడు ఎండాకాలం పొద్దుటిపూట నేను వాటికి చెంప ఆనించి కూర్చునేదాన్ని. కడిగి బోర్లించిన గిన్నెల్లా నున్నగా ఉండేవి.

తర్వాత గదుల్లోని గుంట మగ్గాలు ఒక్కటి తప్ప అన్నీ పోయాయి. మగవాళ్ళంతా కార్ఖానాల్లో పాలీలకు వెళ్ళడం మొదలుపెట్టారు, ఒక వారం పగటి పాలీ, ఒక వారం రాత్రి పాలీ. నాకు జ్ఞానం వచ్చేసరికి ఆ రాళ్ళకు ఏడాదికి ఒక్కసారే పని పడేది. రాఖీ పున్నమిని మావాళ్ళు నూలు పున్నమి అంటారు. ఆరోజు మా కులదైవం మార్కండేయ స్వామికి చేత్తో నేసిన కొత్త బట్ట కప్పాలి. దానికోసం కొన్ని రోజుల ముందు వరసంతా కలిసి మైదానంలో పడుగు సాగదీసేది. గంజి కుండ మోయడం నా పని. తాత కుంచె పట్టుకుని పోగుల వెంట నడిచేవాడు. మగ్గాల దూది ఊపిరితిత్తుల్లో చేరి ఆయనకు ఎప్పుడూ దగ్గు. కానీ పడుగు పక్కన నడిచేటప్పుడు దగ్గితే పోగులు చెదురుతాయని ఊపిరి బిగబట్టేవాడు. చివరికి వెళ్ళి, పక్కకు తిరిగి, అంతసేపటి దగ్గూ ఒకేసారి దగ్గేవాడు.

మైదానం ఏటా కొంచెం కొంచెం తగ్గింది. మొదట రోడ్డు, రోడ్డు పక్కన బంగళాలు, బంగళాల స్థానంలో అపార్ట్‌మెంట్లు. చింతచెట్లు పోయాయి. కోడిగుడ్డులో చివరికి మిగిలింది మా వైపు ఒక పెచ్చు మాత్రమే. తిన్నని ఆ నేల, రాళ్ళు, కొట్టం. అది ఎప్పటికీ ఉంటుందని అందరూ అనుకున్నారు. ఎందుకు అనుకున్నారో తెలియదు.

ప్లేగు వచ్చిన ఏడాది ఊరు ఊరంతా స్టేషన్‌కి పరిగెత్తింది. కొట్టంలో అందరూ తలుపులు వేసి పోయారు. తాత రానన్నాడు. ఇంటికి ఒకరుండాలె గదా అన్నాడు. అమ్మ బతిమాలింది, నాన్న అరిచాడు. తాత మాకు రొట్టెలు కట్టించి ఇచ్చి, తలుపు కింద సగం మూసుకుని, పై సగంలోంచి చెయ్యి ఊపాడు. మేం తెలంగాణలో చిన్నాన్న ఇంటికి వెళ్ళాం. వాళ్ళది ఒక గది, ముందు ఒక వసారా. సూరత్ నుంచి వచ్చామని తెలిసి ఆ వీధిలో పిల్లల్ని మా వైపు రానివ్వలేదు. చిన్నమ్మ చెడ్డది కాదు. కానీ మేం తాగిన గ్లాసులు వేరుగా కడిగి, వేరుగా బోర్లించేది. మేం వసారాలో పడుకుని, అక్కడినుంచే అన్నం తిని, అక్కడినుంచే తిరుగు రైలెక్కాం.

వచ్చేసరికి తాత బాగానే ఉన్నాడు. మైదానానికే ఏదో అయింది. చుట్టూ ఇనుప ముళ్ళకంచె వేశారు. ఎవరో కొన్నారట. ఊరు ఖాళీగా ఉన్నప్పుడు పని తేలికగా అయిపోయింది. కొన్నవాళ్ళ మనిషి ఒకడు మోటారుసైకిల్ మీద వచ్చి, కొట్టం కూడా దానిలోదేననీ, వానలకు ముందే ఖాళీ చేయాలనీ మర్యాదగానే చెప్పి పోయాడు.

వరసలో మిగతావాళ్ళు తిట్టుకుంటూనే గదులు వెతుక్కున్నారు. మాకు దొరకలేదు. దానికి కారణం తాత దగ్గు. ప్లేగు తర్వాత ఊళ్ళో దగ్గే మనిషికి గది ఇచ్చే ఓనరు లేడు. నాన్న ఊరి అవతల పర్వత్ పాటియాలో ఒక ఖోలీ, అద్దె గది, మాట్లాడి, తాతను చూపించడానికి తీసుకెళ్ళాడు. తాత మెట్ల మీద అంతా ఊపిరి బిగబట్టుకుని ఎక్కాడట. గడప దగ్గర దగ్గు ఆపుకోలేకపోయాడు. ఇంటామె పల్లూ ముక్కుకు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. ఇంకోచోట నాన్న ఇది జబ్బు కాదు, దూది దగ్గు అని వివరిస్తుంటే, అదైనా సరే వద్దు అన్నారట.

ఆ రోజు నాన్న అమ్మతో చెప్పిన మాట నేను గోడవైపు తిరిగి విన్నాను.

"కొట్టం ఉంటెనే నాయిన మన దగ్గర ఉంటడు. కొట్టం పోతే తమ్ముని తానకు తోలుడే. ఇంక తొవ్వ లేదు."

అమ్మకు చిన్నాన్న ఇంటి వసారా గుర్తుకొచ్చినట్టుంది. గా వసారాల మామ ఒక్క చలికాలం కూడా ఎల్లదీయడు అంది.

ఎదురు అపార్ట్‌మెంట్లలో రిటైరైన గుజరాతీ మాస్టారు ఒకాయన ఉండేవాడు. పొద్దున్నే మైదానంలో నడవడానికి వచ్చేవాడు. కంచె వేశాక కూడా వంగి దూరి వచ్చేవాడు. ఆయన చిన్నతనంలో వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుని పందేలు చూసినవాడు. అది సర్కారు మైదానమనీ, అమ్మడానికి ఎవరికీ హక్కు లేదనీ ఆయన పట్టుదల. ఆఫీసుల చుట్టూ తిరిగి, కొలతల ఆఫీసరొకణ్ణి వచ్చి చూసేలా ఒప్పించాడు. ఇది పందెం మైదానమే అని కంటికి కనిపించే గుర్తు ఒక్కటి ఉన్నా అమ్మకం ఆగుతుందని ఆఫీసరు అన్నాడట. గుర్తు ఉంది. తుమ్మపొదల్లో, వరసకు ఆ చివర, పడుగు ఎన్నడూ అంతదూరం వెళ్ళని చోట, సగం మట్టిలో కూరుకుపోయిన రాయి ఒకటి ఉంది. దాని మీద అంకె, కిరీటం ఇంకా ఉన్నాయి. మాస్టారు తుమ్మముళ్ళు పక్కకు తోసి, వేలితో తడిమి చూసుకుని వచ్చాడు.

ఆయన మా నాన్నను రోడ్డు మీద ఆపి ఇదంతా చెప్పాడు. నాన్న అప్పుడే రాత్రి పాలీ దిగి వస్తున్నాడు. రాత్రంతా మగ్గాల మోతలో నిలబడి వచ్చిన మనిషికి పొద్దున చెవులు పనిచేయవు, మాట పనిచేయదు. ఇంటికొచ్చి, రేపు పెద్ద ఆఫీసరు మన రాళ్ళు చూడనీకి వస్తున్నడట అని తాతతో చెప్పి, పడి నిద్రపోయాడు. నేనప్పటికే కాలేజీకి బయలుదేరాను.

సాయంత్రం తిరిగొచ్చేసరికి కొట్టం పండగ ఇల్లులా ఉంది. ముందంతా కళ్ళాపి చల్లి ముగ్గులు వేశారు. ఆడవాళ్ళు కొప్పుల్లో పూలు పెట్టుకున్నారు. రాళ్ళన్నీ కడిగి, కొత్తగా పసుపు రాసి, కుంకుమ పెట్టి ఉన్నాయి. ఏళ్ళ తర్వాత ఎవరో పెద్దమనిషి తమ రాళ్ళు చూడడానికి వస్తున్నాడన్న సంతోషం అందరి ముఖాల్లో ఉంది. తాత నన్ను చూసి, రా అని చెయ్యి పట్టుకుని తుమ్మపొదల దాకా నడిపించుకు వెళ్ళాడు. ముళ్ళు కొట్టేశారు. రాయి చుట్టూ తవ్వి, పైకి లేపి, మళ్ళీ నిటారుగా పాతారు. పక్కగది ఫిట్టరు కార్ఖానా నుంచి గ్రైండర్ మిషన్ తెచ్చాడట. నేల మీద తెల్లటి రాతిపొడి ఇంకా ఉంది. రాయి నాలుగువైపులా నున్నగా, పచ్చగా మెరుస్తోంది.

"గిదొక్కటే గలీజుగుండె. పెద్ద మనిషి వస్తుంటే గట్లనే ఉంచుతమా? ఇప్పుడు సూడు, అన్ని ఒక్కతీరుగున్నయ్."

నేను బాగుంది తాతా అన్నాను. నాకు అప్పటికి ఏమీ తెలియదు.

నాన్న పాలీకి లేచి బయటికి వచ్చినప్పుడు తెలిసింది. ఆయన ఆ వరసను ఇటునుంచి అటు చూశాడు. పొదల దాకా నడిచి వెళ్ళాడు. అక్కడ నిలబడి, మామూలుగా అడిగినట్టే, దీని మీద ఏమన్న రాసి ఉండెనా అని తాతను అడిగాడు. ఉండె, గీకేసినం అన్నాడు తాత. నాన్న ఆ రాతిపొడిలోనే కూర్చుండిపోయాడు. తర్వాత లోపలికి వచ్చి అమ్మకు, నాకు విషయం చెప్పాడు. తాతకు చెప్పొద్దని అమ్మ నాన్న చెయ్యి పట్టుకుంది. ఆఫీసరు మనుషుల మాట వింటాడేమో, రేపటిదాకా చూద్దాం అంది. బయట ఆడవాళ్ళు ముగ్గుకు రంగు సరిపోతుందా అని మాట్లాడుకుంటున్నారు.

మర్నాడు ఆఫీసరు వచ్చాడు. చిన్న వయసువాడు, నెమ్మదస్తుడు. చేతిలో చుట్టిన పటం. వెనకే మోటారుసైకిల్ మనిషి. ఫిట్టరు భార్య కొబ్బరికాయ పట్టుకుని నిలబడితే, ఆఫీసరు ఇబ్బందిగా నవ్వి, చెప్పులు విప్పాలా అని అడిగాడు. మాస్టారు ఎవరికోసం ఆగకుండా గబగబా పొదలవైపు నడిచాడు. రాయి ముందు ఆగాడు. కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశాడు.

మోటారుసైకిల్ మనిషి నవ్వాడు. గుజరాతీలో చెప్పాడు, నేను చెప్పాను కదా సాహెబ్, వీళ్ళు జాగా పట్టుకోవడానికి దేవుడి రాళ్ళు పాతుకుంటారు, చూడండి, ఇది నిన్న చెక్కిన రాయి, పొడి కూడా ఊడ్చలేదు. ఆఫీసరు తాతవైపు తిరిగి, దీని మీద ముందు ఏమైనా గుర్తులు ఉండేవా అని హిందీలో అడిగాడు. అవసరమైతే మాట అందించడానికి నాన్న నన్ను తాత పక్కన నిలబెట్టాడు. నేను ఏం చెప్పాలి? తాత నాకోసం చూడలేదు. కార్ఖానాల్లో నేర్చిన హిందీలో తానే జవాబు చెప్పాడు. ఆఫీసరు చెయ్యి పట్టుకుని రాయి మీద పెట్టాడు. ఏవో గీతలుండేవి, తామే రుద్ది తీసేశామని చెప్పాడు. ఒక్క ఈ రాయికే కాదు, అన్నిటికీ. తన వయసంతా రుద్దాడు. ఇప్పుడు తడిమి చూడండి, ఎంత సన్నని పోగైనా తగులుకోదు అన్నాడు.

ఆఫీసరు చెయ్యి తీయలేదు. రాతిని పైనుంచి కిందికి తడిమాడు. బాగా చేశారు అన్నాడు. అది మనసులోంచే అన్నాడనుకుంటాను. అందుకే ఆ మాట ఇప్పటికీ భరించలేను.

మాస్టారు అప్పుడు గొంతు పెంచాడు. పక్కనున్న రోడ్డు పేరే సాక్ష్యం, ఊరంతా రోజూ పలుకుతోంది, ఇంకేం గుర్తు కావాలి అన్నాడు. ఆఫీసరు పటం చుట్టుకుంటూ, "రోడ్డు పేరు సరిహద్దు చూపించదు మాస్టర్‌జీ" అన్నాడు. కొబ్బరికాయ కొట్టకుండానే అందరూ వెళ్ళిపోయారు.

తాతకు విషయం చెప్పింది మాస్టారే. దాచాలని ఆయనకు తెలియదు. గుమ్మం ముందు కూర్చుని, కోపం లేకుండా, చిన్నపిల్లలకు పాఠం చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు. తాత విని, లేచి, పొదలవైపు వెళ్ళాడు. నేను వెనకే వెళ్ళాను. ఆయన ఆ రాయిని తడుముతున్నాడు. పసుపు గోళ్ళతో గీరి, కింద ఏమైనా మిగిలిందేమో అని వేళ్ళతో వెతుకుతున్నాడు. తాతకు చదువు లేదు. ఏ భాషలోనూ లేదు.

"ఏం రాసి ఉండెనే బిడ్డా దీని మీద?"

కిరీటం, ఒక అంకె అని చెప్పాను.

"గంతేనా" అన్నాడు.

వానలకు ముందే కొట్టం పోయింది. పెంకులు ఒకరోజు, వాసాలు ఒకరోజు దింపారు. గోడలు మిషన్‌తో తోశారు. రాళ్ళను పెకిలించి ట్రాక్టరులో వేసుకుపోయారు, ఎక్కడో పునాదిలో పడి ఉంటాయి. పసుపు అంటిన రాళ్ళను తొక్కుతామా అని కూలీలు మొదట వెనకాడారు. మోటారుసైకిల్ మనిషి పైపుతో నీళ్ళు కొట్టించి పసుపు కడిగించాడు. తర్వాత వాళ్ళకు ఏ ఇబ్బందీ లేకపోయింది. ఆ ఏడాది నూలు పున్నమికి స్వామికి పవర్‌లూమ్ బట్ట కప్పారు. మంచి బట్టే. కార్ఖానా సేఠ్ ఇచ్చినది.

ఇల్లు మారే రోజుల్లో అమ్మ అన్నిచోట్లా తాత కోసం అడుగుతూనే ఉంది. వంటగదిలో పడుకుంటాడని ఒకరికి చెప్పింది, మిద్దె మీద పడుకుంటాడని ఇంకొకరికి చెప్పింది. ఇంట్లో గది అద్దెకిచ్చే కంపెనీ బస్సు డ్రైవరు ఒకాయన మొదట సరేనని, తన భార్యతో మాట్లాడి వద్దన్నాడు. చివరికి నాన్న పర్వత్ పాటియా ఖోలీకి ముగ్గురమే అని చెప్పి తాళంచెవి తీసుకున్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. నాన్న ఓనరు ముఖం చూడలేదు, నా ముఖమూ చూడలేదు. ముగ్గురు అనేది లెక్కకు సరిపోయింది.

తాతను నిందించినవాళ్ళు లేరు. ఫిట్టరు వచ్చి తాత కాళ్ళ దగ్గర కూర్చుని, మిషన్ నేనే తెచ్చిన, నాదే పాపం అని ఏడ్చాడు. తాత అతని తల నిమిరి, మంచిగ నడిచింది నీ మిషను, నా చేతులకైతే పొద్దంత పట్టేది అన్నాడు. అంతకుమించి ఆ రాయి గురించి ఆయన మాట్లాడగా నేను వినలేదు. అసలు మాట్లాడటమే తగ్గించాడు. దగ్గడం కూడా లోపలికే దగ్గేవాడు, గుండె దగ్గర చొక్కా అదిరేది, శబ్దం వచ్చేది కాదు.

రోజూ రాసుకునే డైరీ కూడా ఆ తర్వాత కొంతకాలం నేను రాయలేదు. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు మైదానం సంగతులన్నీ గుర్తున్నంతవరకు రాసుకున్నాను. బగ్గీలు, చింతచెట్లు, బెల్లం, వెనక దారి. రాసినంత మాత్రాన ఏదీ నిలబడదని రాస్తున్నప్పుడే తెలుసు. సాయిబు తాతకు చెప్పాడు, తాత నాకు చెప్పాడు. నేను చెబితే ఎవరు నమ్ముతారు? చూపించడానికి నా దగ్గర ఏం ఉంది? ఇప్పుడు అక్కడ అద్దాల మేడ, కింద చీరల దుకాణం. ఒకసారి లోపలికి వెళ్ళాను. ఏం కావాలి బెన్ అని అడిగితే ఏమీ వద్దని బయటికి వచ్చేశాను. తిన్నని ఆ నేల ఏ గోడ కింద పోయిందో గుర్తుపట్టలేకపోయాను. నాకే గుర్తు లేకపోతే ఇంకెవరికి ఉంటుంది?

అమ్మ అన్నట్టే అయింది. తాత చిన్నాన్న వసారాలో ఒక్క చలికాలం కూడా గడపలేదు. కబురు వచ్చేసరికి అన్నీ అయిపోయాయి. నాన్న ఒక్కడే వెళ్ళి వచ్చాడు.

నేను ఆయన్ను ఆఖరిసారి చూసింది సూరత్ స్టేషన్‌లో. నాన్న ఆయనకు కిటికీ పక్కన చోటు దొరికించి, సంచి పైన పెట్టి, నీళ్ళ సీసా నింపుకు రావడానికి వెళ్ళాడు. నేను కిటికీ కడ్డీలు పట్టుకుని ప్లాట్‌ఫాం మీద నిలబడ్డాను. ఏదైనా చెప్పాలని ఇంటి నుంచి మాటలు కూడబలుక్కుని వచ్చాను. సంచిలో రొట్టెలున్నాయని మాత్రం చెప్పాను. ఎదురు సీటులో పిల్లల తల్లి ఒకామె తాతను చూసి, పిల్లల్ని తన వైపు లాక్కుంది. తాత తువ్వాలు మడిచి నోటికి అదుముకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అది దగ్గు వల్లో ఇంకెందువల్లో నాకు తెలియదు. కాసేపటికి తువ్వాలు తీసి, కడ్డీల మీద ఉన్న నా వేళ్ళను ఒక్కొక్కటిగా విడదీశాడు.

"ఇగ నువ్వు పో బిడ్డా. నువ్వు గిట్ల సూస్తుంటె దగ్గు ఆగుతలేదు."